తోయ స్టార్టగు: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

ముప్పై నాలుగేళ్లు బడిలో తెలుగు చెప్పి బయటపడ్డవాణ్ని. పింఛనుతో పాటు ఒక జబ్బు కూడా వెంట వచ్చింది. ఏ మాట చెవిన పడ్డా పదాలు విడగొట్టి, పక్కన రెండు గీతలు గీసి, అర్థం రాయకపోతే చెయ్యి దురద పెడుతుంది. వావిళ్ళవారు అచ్చేసిన టీకాతాత్పర్య సహిత కావ్యాల మీద పెరిగిన ప్రాణం. ఇప్పుడు చదవడానికి కావ్యాలు తక్కువ, లారీల వెనక రాతలు ఎక్కువ. మా ఆవిడ దీన్ని షుగరు, బీపీల తర్వాత మూడోదిగా లెక్క కడుతుంది.

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మనవాడే. మెదకు దగ్గరి కొల్చారం ఆయన ఇంటిపేరైంది. మూలంలో లేనిది రాయనని ఆయన ప్రతిజ్ఞ పట్టాడు. నేను పట్టలేను. నా మూలంలో ఉన్నవేవో, లేనివేవో తేల్చడానికే షెడ్డులో పదకొండు రోజులు పట్టింది.

ఈ పద్యం పుట్టింది నల్గొండలో, దేవరకొండ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో. పుట్టుకతో ఇది వచనం. అందరూ ఉస్తాదు అని పిలిచే పెద్దమనిషి బనియను వేస్టుతో చేతులు తుడుచుకుంటూ మా బామ్మర్దికి చెప్పిన మాటలివి: "కాయితం మీద పూజో ఉంటే ఉండనియ్యి అన్నా. లోపల గుండె డీఐది. గేరు గూడ కొత్తగ బెట్టిన. రేడియేటరు ట్రాక్సుది. రేకు నీదే, పాతదే. జర నూకుతే స్టార్టయితది." దీన్ని తేటగీతిలో కూర్చిన పాపం నాది.

సందర్భం కూడా చెప్పాలి. మా బామ్మర్దికి తిప్పర్తి దిక్కు బత్తాయి తోట ఉంది. కాయ కోసినప్పుడల్లా బాటసింగారం పండ్ల మార్కెట్టుకు కిరాయి బండి కట్టాలి. ఆ కిరాయిలు కూడేసి చూసుకొని, గుండె మండి, జడ్చర్లలో ఒక పాత మహీంద్రా పికప్పు కొన్నాడు. అమ్మినాయన "పూజో ఇంజను, దేవుడసొంటిది" అన్నాడట. దేవుడు కల్వకుర్తి దాకా మామూలుగానే వచ్చాడు. కల్వకుర్తి దాటాక నీలిపొగ చిమ్ముతూ నీలమేఘశ్యాముడై దర్శనమిచ్చాడు. మల్లేపల్లి చౌరస్తా ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా అంతర్ధానమయ్యాడు. అక్కణ్నుంచి నల్గొండ దాకా ట్రాక్టరు వెనక, మోకుతో.

మూలం

తే. కాయితంబున పూజొయే గాని లోన
గుండె డీఐది గేరును కొత్తదయ్య
రేడియేటరు ట్రాక్సుది రేకు పాత
తోయ స్టార్టగు నల్గొండ దోవలందు

టీక

అయ్య = ఓ బామ్మర్దీ; కాయితంబునన్ = ఆర్సీ యందు; పూజొయే = పూజో ఇంజనే (అని ఉన్నది); కాని = అయిననేమి; లోనన్ = బానెటు ఎత్తి చూచినచో; గుండె = ఇంజను; డీఐది = డీఐ జాతికి చెందినది; గేరును = గేరుబాక్సు కూడా; కొత్తది = ఈ బండికి కొత్తది; రేడియేటరు = ఇంజనును చల్లబరచు నీళ్ల జల్లెడ; ట్రాక్సుది = ట్రాక్సు అను బండి నుండి ఊడదీసినది; రేకు = బాడీ; పాత = మొదటి నుండి ఉన్నదే; (ఇట్టి ఈ బండి) తోయన్ = వెనుక నుండి మనుషులు నెట్టగా; నల్గొండ దోవలందు = నల్గొండ రోడ్ల మీద; స్టార్టు + అగు = ప్రాణము పోసుకొనును.

తాత్పర్యం

బావా, నన్ను ముంచినారు.

(ఇది మా బామ్మర్ది చెప్పిన తాత్పర్యం. ఇంతకంటే క్లుప్తంగా నాకు రాదు.)

వ్యాఖ్య

కాయితంబున. కాగితంబున అని వేసినా గణం చెడదు, యతి చెడదు. అయినా కాయితం అనే వేశాను, నల్గొండ, మహబూబ్‌నగరు రెండు జిల్లాల్లోనూ ఆ మాట అదే గనుక. బండివాళ్ల భాషలో ఇది నిత్య బహువచనం: కాయితాలు. ఆర్సీ, బీమా, ఫిట్‌నెసు, పర్మిటు, పొల్యూషను, ఐదూ కలిస్తే కాయితాలు. ఇక్కడ ఏకవచనం పడ్డ స్వారస్యం ఏమంటే, మా బామ్మర్ది చేతికి వచ్చింది ఒక్కటే. మిగతా నాలుగూ "పంపిస్త" అన్నాడట అమ్మినాయన.

ఆ ఒక్క కాయితం మీద నంబరు ఏపీ 22తో మొదలవుతుంది. 22 అంటే పాత మహబూబ్‌నగరు జిల్లా, 24 అంటే పాత నల్గొండ. 2014లో రాష్ట్రం వచ్చాక అవి టీఎస్ 06, టీఎస్ 05 అయ్యాయి. 2016 అక్టోబరులో జిల్లాలే ముక్కలయ్యాయి. 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది. బండి మాత్రం ఏపీ పలకతోనే తిరుగుతోంది. అసలు మహబూబ్‌నగరు అన్న పేరే 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మీదుగా వచ్చింది. నూటముప్పై ఏళ్లు దాటినా జనం నోట పాలమూరే. నల్గొండ ఒకప్పుడు నీలగిరి. బోర్డు మీద ఒక పేరు, లోపల ఒక పేరు ఉండడం ఈ సీమలో బండ్లతో మొదలైన ఆచారం కాదు.

పూజొయే. ఫ్రాన్సు దేశపు కంపెనీ పేరు. పాఠాంతరాలు: ప్యూజో, పీజో, పూజో, జడ్చర్ల ప్రతిలో 'పూజ'. చివరిదాన్ని తోసిపుచ్చలేం. బండి కొన్ననాడు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, ముందర గుమ్మడికాయ కొట్టి చేసింది అదే.

ఈ ఇంజను పూర్తి పేరు ఎక్స్‌డీపీ 4.90. ఇది బిరుదు కాదు, లెక్క. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదాని లోపలి వెడల్పు 90 మిల్లీమీటర్లు. పిస్టను కిందికీ మీదికీ ఆడే దూరం 83. వెడల్పును వర్గం చేసి, ఎత్తుతో గుణించి, మిగతా హంగులు చేస్తే 2112 ఘన సెంటీమీటర్లు రావాలి. వచ్చాయి. మనవడి లెక్కల పుస్తకం వెనక అట్ట మీద రాత్రి పదకొండింటి దాకా కూర్చొని నేనే తేల్చాను. ఆర్సీలోనూ 2112 అనే ఉంది. ఇదే కొలత ఇంజను ఫ్రాన్సులో పూజో 504 కార్లలో తిరిగింది. మహీంద్రావాళ్లు లైసెన్సు తెచ్చుకొని ఇక్కడ పోతపోసి, ఎంఎం 540 జీపు మొదలుకొని పికప్పుల దాకా బిగించారు. ఆ తర్వాతి తమ్ముడికి వెడల్పు 94, ఎత్తు 90, మొత్తం 2498, పేరు ఎక్స్‌డీ3పీ.

టాటావారిదీ ఇదే ఛందస్సు. 407 లారీలో, 207 పికప్పులో వచ్చిన 497 ఇంజను అంటే నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్లు. పెద్ద లారీల 697 అంటే ఆరు సిలిండర్లు, అవే 97. పాత టాటామొబైలు 483 అంటే నాలుగు, 83. నంబరు చూసి గుండె వెడల్పు చెప్పేయవచ్చు. మన ప్రాచీనులు సంఖ్యలను మాటల్లో దాచేవారు: వేదాలు నాలుగు, గ్రహాలు తొమ్మిది, మునులు ఏడుగురు, కాబట్టి వేదగ్రహముని ఇంజను. అయితే ఆ పద్ధతిలో అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాలి. అప్పుడది ఏడు సిలిండర్ల, 94 మిల్లీమీటర్ల ఇంజను అవుతుంది. అది ఎవరు తోసినా స్టార్టు కాదు.

పేరు ఉండి మనిషి మారడం ఈ కంపెనీ జాతకంలోనే ఉంది. 1945లో అది మహీంద్రా అండ్ మహమ్మద్. భాగస్వామి గులాం మహమ్మద్ దేశవిభజన తర్వాత పాకిస్తాను వెళ్లి, అక్కడ మొదటి ఆర్థికమంత్రి, తర్వాత గవర్నరు జనరలు అయ్యాడు. 1948లో కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. పొట్టిపేరు అప్పుడూ ఎం అండ్ ఎమ్మే, ఇప్పుడూ ఎం అండ్ ఎమ్మే. రేకు పాత, లోపల కొత్త.

లోన. ఇది పద్యానికి ఆయువుపట్టు. పికప్పు షెడ్డులోకి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఉస్తాదు ఏ పానా ముట్టుకోలేదు. బానెటు ఎత్తి, "చోటూ, బత్తి గొట్టు" అన్నాడు. పిల్లవాడు టార్చి వేశాడు. ఇంజను తల పక్కన ఒకసారి వేలు జరిపి, మళ్లీ డాష్‌బోర్డు కిందికి వంగి, టేపు చుట్టిన ఒక తీగ ముక్కను లాగి మా బామ్మర్ది ముందు పెట్టాడు.

"ఏందన్నా ఇది?"

"తీగ."

"హీటరు తీగ. పూజో పొద్దుగాల లేవాలంటె హీటరు గావాలె. హీటరు బుడ్డీలు నాలుగుండాలె. ఒక్కటి లేదు. తీగ గోసి టేపు జుట్టిన్రు. ఇది పూజో గాదు."

ప్రమాణాలు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు. శబ్దానికి అవకాశం లేదు, బండి చచ్చిపోయింది గనుక. తక్కిన మూడింట్లో ఉస్తాదు వాడింది అనుమానం. పొగను చూసి నిప్పును ఊహించమని తర్కశాస్త్రం చెబుతుంది. ఈయన తీగ తెగి ఉండడాన్ని చూసి గుండె మార్పిడిని ఊహించాడు. ఇరవై ఏళ్లు నేను తర్కసంగ్రహం తిరగేశాను, నాకు ఆ తీగ కనబడలేదు.

నంబరు చూడడం రెండో అంకం. ఇంజను దిమ్మ మీద నంబరు పోటు వేసి ఉంటుంది. దాని మీద పాతికేళ్ల గ్రీజు, దుమ్ము, బత్తాయికి ముందు ఆ బండి మోసిన వేరుశనగ పొట్టు. చోటూ డీజిలులో గుడ్డ ముంచి పది నిమిషాలు రుద్దాడు. తర్వాత సుద్దముక్కతో గీసి, పైపైన తుడిచాడు. పల్లాల్లో తెల్లసుద్ద నిలిచి అంకెలు తేలాయి. తాళపత్రాల మీద మసి పూసి అక్షరం తేల్చేవారు మా పెద్దలు. వీడు నలుపు మీద తెలుపు పూశాడు, అంతే తేడా. నాలుగో అక్షరం 8 అని చోటూ, బీ అని బామ్మర్ది. పాఠభేదం. ఉస్తాదు రెండింటికీ ఒప్పుకున్నాడు: "ఏదైనా గానీ, ఆర్సీల ఉన్నది మాత్రం గాదు." అంటే జడ్చర్లకు ముందే ఎవరో ఈ బండికి గుండె మార్చి కాయితంలో చెప్పలేదన్నమాట. వ్యాఖ్యాతల భాషలో దీన్ని ప్రక్షిప్తం అంటారు.

గుండె డీఐది. డీఐ అంటే డైరెక్టు ఇంజెక్షను. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా అదిమితే అది కాగుతుంది, ఆ కాగిన గాలిలో డీజిలు చిమ్మితే అంటుకుంటుంది. పూజోలో ఆ చిమ్మడం పక్కనున్న చిన్న గదిలో జరుగుతుంది. అక్కడ సుడి తిరిగి, అంటుకొని, తర్వాత పెద్దగదిలోకి మంట వస్తుంది. వచ్చిన చుట్టం వసారాలో కాళ్లు కడుక్కొని, తువ్వాలు అడిగి, నెమ్మదిగా లోపలికి వచ్చినట్టు. అందుకే చప్పుడు తక్కువ. కాని పొద్దున్నే ఆ చిన్నగది చల్లగా ఉంటుంది గనుక హీటరు పెట్టి వెచ్చచేయాలి. డీఐలో వసారా లేదు. డీజిలు నేరుగా పిస్టను నెత్తి మీద పడుతుంది. మా పెద్దమేనత్త లాగ, చెప్పులతోనే వంటింట్లోకి. చప్పుడు ఊరంతా వినబడుతుంది గాని తిండి తక్కువ తింటుంది (ఇంజను సంగతి చెబుతున్నాను).

పాత ఇంజనును విప్పాక మూడో రుజువు దొరికింది. ఉస్తాదు పిస్టను బయటికి తీసి వెర్నియరులో పెట్టాడు. నేను కళ్లజోడు సర్దుకొని చదివితే 88.9. ఇదేం లెక్క, 90 కాదు, 88 కాదు అనుకుంటున్నాను. ఉస్తాదు చదవను కూడా చదవలేదు. "మూడున్నర ఇంచి సార్. పూజో ఇంచిల రాదు" అన్నాడు. నిజమే, 88.9 మిల్లీమీటర్లంటే సరిగ్గా మూడున్నర అంగుళాలు. పిస్టను ఆడే ఎత్తు 101.6, అంటే సరిగ్గా నాలుగు అంగుళాలు. గుణిస్తే 2523. ఫ్రాన్సువాడు మిల్లీమీటర్లలో కలగంటాడు, ఇంగ్లీషువాడు అంగుళాల్లో. ఈ నాలుగు అంగుళాల ఎత్తు ఇంటర్నేషనలు బీ 275 ట్రాక్టరు ఇంజనుది. 1960లలో మహీంద్రావాళ్లు ఇంటర్నేషనల్ హార్వెస్టరుతో కలిసి ఆ ట్రాక్టరు చేశారు, ఆ ఇంజనునే జీపుల్లోనూ పెట్టారు. అంటే మా బామ్మర్ది పికప్పును మల్లేపల్లి నుంచి ఈడ్చుకొచ్చిన ట్రాక్టరూ, వెనక మోకుకు కట్టిన బండీ సగోత్రీకులు. ఆ సంగతి తెలిసి ఉంటే ట్రాక్టరువాడు కిరాయి తగ్గించేవాడేమో.

ఆ ఇంజనులో రింగులు అరిగి, లైనరు గీసుకుపోయి, క్రాంకు నీలంగా మాడి ఉంది. బోరు చేయించే దశ దాటింది. దాంతో తుక్కుకు వచ్చిన మరో మహీంద్రా నుంచి అదే జాతి డీఐ ఇంజనును తెచ్చారు. ధర రాయను, మా బామ్మర్ది భార్య ఈ పత్రిక చదువుతుంది.

ఇక్కడ అలంకారం పరకాయ ప్రవేశం. ఆదిశంకరులు చచ్చిన రాజు దేహంలో దూరారని కథ. షెడ్డులో జరిగింది నేను కళ్లారా చూశాను. మూడు గొట్టాలు ముక్కాలిపీటలా నిలిపి, పైన చైను కప్పీ కట్టి, కొత్త గుండెను గొలుసుకు వేలాడదీశారు. చోటూ కిందికి దూరి ఫౌండేషను రబ్బర్లు సరిచూస్తున్నాడు. ఉస్తాదు ఒక చేత్తో గొలుసు వదులుతూ, రెండో అరచేతిని ఇంజను పొట్టకు ఆనించి, పసిపిల్లకు నీళ్లు పోసేటప్పుడు తల పట్టుకున్నట్టు, వేలెడు వేలెడు దించాడు. ఒక నూనెచుక్క చోటూ నుదుటి మీద పడింది. వాడు తుడుచుకోలేదు. "ఎడమకు అర ఇంచి" అన్నాడు. అర ఇంచి జరిగింది. బోల్టు చేత్తోనే దిగింది. అప్పుడు ఉస్తాదు ముఖంలో కనబడింది శాంతరసం.

గేరును కొత్తదయ్య. గేరు ఎందుకు మార్చాలి అన్నది పూర్వపక్షం. ఇంజనూ గేరుబాక్సూ కలిసేచోట గంట ఆకారంలో ఒక డొప్ప ఉంటుంది. ఒక జాతి ఇంజను బోల్టు రంధ్రాలు ఇంకో జాతి డొప్పకు కుదరవు. ముందటి యజమాని డీఐ ఇంజనును పాత పూజో గేరుకు కలపడానికి మధ్యలో ఇనుప ప్లేటు కోయించి పెట్టాడు. అది పగిలింది.

మన సాహిత్యంలో ఇలాంటి అతుకు ఒక్కసారే కుదిరింది. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. నడుమ ఉన్న ఖాళీలో ఎర్రన ప్లేటు వేశాడు. నన్నయ పక్క నన్నయలాగా, తిక్కన పక్క తిక్కనలాగా ఉండేటట్టు. ఆరేడు వందల ఏళ్లుగా ఎందరు బరువు వేసినా పగల్లేదు. ఈ ప్లేటు మల్లేపల్లి చేరలేదు. ఎర్రన లాంటి ఫిట్టరు దొరకనప్పుడు చేయవలసింది ఉస్తాదు చేసిందే: ఇంజనూ, గేరూ ఒకే బండి నుంచి జంటగా తేవడం.

'కొత్త' అనడం అసత్యం కాదా? కాదు. అల్లుడు కొత్తవాడంటే అప్పుడే పుట్టాడని కాదు గదా.

రేడియేటరు ట్రాక్సుది. పాత రేడియేటరు కారుతోంది, షెడ్డు వెనక ఒక ట్రాక్సు తుక్కులో ఉంది, మిగతాది ఊహ్యం. ట్రాక్సు గురించి మాత్రం ఒక మాట చెప్పకుండా పోలేను. అచ్చంపేట, అమ్రాబాదు, దేవరకొండ, పెద్దవూర రోడ్ల మీద ఒకనాడు బస్సు కంటే నమ్మకమైనవి కమాండరు జీపులూ, ఈ ట్రాక్సులూ. లోపల పదిమంది, వెనక వేలాడుతూ ఐదుగురు, పైన మేకలు. బజాజ్ టెంపో కంపెనీ చేసిన ఆ ట్రాక్సుకు బిగించింది మెర్సిడిజ్ బెంజ్ లైసెన్సు ఇంజను, ఓఎం 616, 2399 సీసీ. జర్మనీలో 240డీ బెంజి కార్లలో తిరిగింది అదే. నల్లమల అంచున మేకతో పాటు టాపెక్కి ప్రయాణించినవాడు బెంజిలో తిరగలేదని ఎవరంటారు?

శబ్దానికి అర్థం మూడు దారుల్లో వస్తుందంటారు: యోగం, రూఢి, యోగరూఢి. రూఢికి బడిలో 'మండపం' ఉదాహరణ చెప్పేవాణ్ని. ఇప్పుడైతే డీసీఎం అంటాను. మన దగ్గర లారీ కంటే చిన్న, ఆటో కంటే పెద్ద బండి ఏదైనా డీసీఎమ్మే. ఐషరైనా డీసీఎం, మజ్దా అయినా డీసీఎం. 1980లలో జపాను కంపెనీలతో కూడి చిన్నలారీలు చేసిన నాలుగింటిలో డీసీఎం టయోటా ఒకటి. మన జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ చేసిందీ ఆ రోజుల్లోనే. అది తర్వాత మహీంద్రా చేతిలోకి పోయింది. డీసీఎం టయోటా ఎప్పుడో పోయింది. పేరు మాత్రం పేపర్లో రోజూ వస్తుంది. ఆ మూడక్షరాలు విప్పితే ఢిల్లీ క్లాత్ మిల్స్. పోచంపల్లి చీరల మూటలు ఢిల్లీ బట్టలమిల్లు పేరున్న బండెక్కి పోతున్నాయని నేతన్నలకు ఎవరైనా చెప్పారో లేదో.

రేకు పాత. స్పష్టం.

తోయ. ఉస్తాదు మాట 'నూకుతే'. యతి కోసం తోయవలసి వచ్చింది. మా దిక్కు బండిని ఎవరూ తోయరు, నూకుతారు. ఆ తప్పు కవిది, వ్యాఖ్యాత ఒప్పుకుంటున్నాడు. నూకడం ఎందుకంటే, పాత సెల్ఫు పళ్లు కొత్త ఫ్లైవీలు పళ్లకు పట్టడం లేదు. సరైన సెల్ఫు "రెండు దినాల్ల విజయవాడ ఆటోనగరు నుంచి వస్తది." ఈ రెండు దినాలు బ్రహ్మ మానంలోవి. అందాకా పద్ధతి ఇది: తాళం తిప్పాలి, రెండో గేరు వేయాలి, క్లచ్చు తొక్కి పట్టాలి, వెనకవాళ్లు నూకాలి, బండి మనిషి పరుగంత వేగం అందుకోగానే క్లచ్చు గభాలున వదలాలి. చక్రం ఇంజనును తిప్పుతుంది, గాలి కాగుతుంది, డీజిలు అంటుకుంటుంది. మొదటి గేరులో వేస్తే చక్రాలు పట్టేసి వెనక నూకేవాళ్ల పళ్లు రాలుతాయి. ఇది శాస్త్రం.

ఆక్షేప సమాధానాలు

ఇంజను మారింది, గేరు మారింది, రేడియేటరు మారింది. ఇంకా ఇది అదే బండేనా? ఈ ప్రశ్న కొత్తది కాదు. మిళిందుడనే యవనరాజును నాగసేనుడనే బౌద్ధభిక్షువు రథం గురించి ఇలాగే నిలదీశాడు: ఇరుసా రథం, చక్రమా, కాడియా అని. ఏదీ కాదని రాజు ఒప్పుకోవలసి వచ్చింది. ఫణిగిరి స్తూపం దగ్గర కూర్చున్న భిక్షువులకు ఆ చర్చ తెలిసే ఉంటుంది. ఫణిగిరి మన పాత నల్గొండ జిల్లాదే. వాళ్లకు తెగనిది రవాణా శాఖకు తెగింది. బండికి ఆత్మ చాసిస్. దాని మీద పోటు వేసిన నంబరు మారనంత కాలం అది అదే బండి. ఇంజను మారవచ్చు, కాని చెప్పి మార్చాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ముందు అనుమతి లేకుండా ఇంజను మార్చినవాడు 14 రోజుల లోపల ఆర్సీ పట్టుకెళ్లి రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయాలి. కొత్త ఇంజను ఎక్కడిదో, ఎవరు అమ్మారో బిల్లు ఉండాలి, లేకపోతే దొంగసొత్తు మన బానెటు కింద పడుకున్నట్టే. ఆర్సీలో నంబరొకటి, దిమ్మ మీద నంబరొకటి ఉంటే, రేపు దారిలో ఏదైనా అయినప్పుడు బీమా సర్వేయరు మొదట పెన్సిలు ప్రింటు తీసేది అక్కడే.

మా బామ్మర్ది ఇది విని, "పద్నాలుగు దినాలంటె ఎప్పటినుంచి బావా? బండి స్టార్టయిన కాంచా, నూకిన కాంచా?" అని అడిగాడు. చట్టంలో మార్చిన నాటి నుంచి అని ఉంది. ఈ రోజు పదమూడోది.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినవారికి, చదివించినవారికి కలిగే ఫలం ఇంకా తేలలేదు. రేపు తెల్లవారుజామున నాలుగున్నరకు బత్తాయి లోడు కట్టి ఉంది. వచ్చేటప్పుడు దారిలో రవాణా ఆఫీసులో ఆర్సీ పని కూడా చూసుకోవాలి. బండి దేవరకొండ రోడ్డు షెడ్డు ముందర, మూతి ఎత్తు వైపుకు ఉంది. నూకడానికి నేను, బామ్మర్ది, చోటూ ముగ్గురం ఉన్నాం. ఉస్తాదు ఐదుగురు కావాలంటున్నాడు. ఇంకో ఇద్దరు రండి. మనిషికి రెండు డజన్ల బత్తాయిలు.